దేవదానం ఇంటి వంకర గడియారం

2016 జూన్ మొదటి వారంలో నన్ను మంచిర్యాల దగ్గరి ఏరియా వర్క్‌షాపుకు ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్ళే మిగిలాయి. హెల్పర్‌గా చేరి, ఫిట్టర్‌నై, హెడ్ ఫిట్టర్‌నై, ముప్పై నాలుగేళ్ళకు ఆ కుర్చీ దాకా వచ్చాను. బొగ్గు గనుల్లో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ ఒకటుంటుందని బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. మేం బొగ్గు తవ్వేవాళ్ళం కాదు, మోసేవాళ్ళం కాదు. పంపుల మీది ప్రెషర్ గేజీలు, గాలి ఫ్యానుకు అమర్చిన కొలత గొట్టాలు, హాజరు వేసేచోట ఉండే టైమాఫీసు గడియారాలు, ఇలా అంకె చూపించే ప్రతి వస్తువూ నిజం చెబుతోందో లేదో చూడడం మా పని.

మా సెక్షన్‌లో ఒక రిజిస్టరు ఉండేది. రిపేరుకు వచ్చిన ప్రతి పరికరానికీ నంబరు వేసి ఒక ట్యాగు కట్టేవాళ్ళం. స్క్రూ డ్రైవర్ పెట్టేముందు దాన్ని ఉన్నదున్నట్టు పరీక్షించి, ఎంత చూపిస్తోందో 'వచ్చినప్పటి స్థితి' అనే గడిలో రాయాలి. బాగుచేశాక 'ఇచ్చినప్పటి స్థితి' రాయాలి. తీసేసిన పాత భాగాలను చిన్న సంచీలో వేసి ట్యాగుతో పాటు తిరిగి పంపాలి. కొత్తగా వచ్చిన ఫిట్టర్లకు ఆ మొదటి గడి ఎందుకో అర్థమయ్యేది కాదు. పాడైందనే కదా పంపారు, మళ్ళీ కొలవడం దేనికి అనేవాళ్ళు. వాళ్ళకు నేనొక పాఠం చెప్పేవాణ్ని. గేజీ అయిదు ఎక్కువ చూపిస్తుంటే, పంపు దగ్గరి మనిషి ఆ అయిదు మనసులో తీసేసుకునే పని చేస్తుంటాడు. అది తెలుసుకోకుండా నువ్వు దాన్ని సరిచేసి పంపితే, తప్పు చేసేది అతను, చేయించింది నువ్వు. ఈ మాట ఇరవై ఏళ్ళు చెప్పాను. చివరికి మరిచిపోయింది నేనే.

ఆ జూన్‌లోనే ఒక ఆదివారం రూతమ్మ మా క్వార్టరుకు వచ్చింది. ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు, దేవదానం గారి కూతురు. ఆమెను సరిగా ఎరగను కానీ దేవదానం పేరు చెప్పగానే లేచి కుర్చీ వేశాను.

మా వైపు గనిని బాయి అంటారు. నిలువు బాయిలో మనుషులను దించి, ఎక్కించే ఇనుప పంజరాన్ని నడిపేవాడు వైండింగ్ ఇంజన్ డ్రైవర్. అతను కూర్చున్న చోటి నుంచి బాయి అడుగు కనపడదు, పంజరంలోని మనుషులు కనపడరు. కింద నుంచి వచ్చే గంటలే ఆధారం. ఆగి ఉన్నప్పుడు ఒక గంట కొడితే పైకి లాగాలి, కదులుతున్నప్పుడు కొడితే ఆపాలి. రెండు కొడితే దించాలి. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. దేవదానం ఇరవై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను కొత్త ఫిట్టర్‌గా ఉన్నప్పుడు, ఆయన ఇంజన్ మీద లోతు చూపించే ముల్లును సరిచేసి, సంతకం పెట్టి వచ్చేశాను. మర్నాడు కబురు పెట్టాడు. "రాజలింగం, నీ ముల్లు అబద్ధం జెప్తున్నది. పంజరం ఇంక మూరెడు కిందున్నదని తాడు సప్పుడు జెప్తున్నది" అన్నాడు. కొలిచి చూస్తే సరిగ్గా మూరెడు తేడా. మా ఇంజనీరుకు ఈ సంగతి చెప్పకుండా నా తప్పు కడుపులో పెట్టుకున్నాడు. నా ఉద్యోగం ఆ రోజు ఆయన నిలబెట్టాడనే నేను ఇప్పటికీ అనుకుంటాను.

రూతమ్మ చెప్పింది విని బాధ కలిగింది. షుగర్ వల్ల ఆయన చూపు పూర్తిగా పోయి ఆరేళ్ళయింది. భార్య సుగుణమ్మ మిషన్ బడిలో టీచర్‌గా చేసి, అంతకు చాలా ముందే చనిపోయింది. రూతమ్మ డ్యూటీకి వెళ్తే ఇంట్లో ఆయనొక్కడే. ఆయనకు తోడుగా ఉన్నది గోడ గడియారం. మిషన్ బంగళా మూసేసి వెళ్ళిపోయేటప్పుడు అక్కడి దొరసాని సుగుణమ్మకు ఇచ్చిన గడియారం అది. టేకు పెట్టె, ఇత్తడి లోలకం, గంటగంటకూ లెక్కపెట్టి కొట్టే సుత్తి. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరేముందు సుగుణమ్మ కీ ఇచ్చేది. ఆమె పోయాక ఆయన ఇచ్చాడు, చూపు పోయాక కూడా పద్నాలుగు చుట్లు లెక్కపెట్టుకుని ఆయనే ఇచ్చాడు. గంటలు విని గోలీ వేసుకునేవాడు, అన్నం తినేవాడు, ఏడు కొట్టగానే కూతుర్ని పిలిచి కుటుంబ ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఏప్రిల్‌లో అది ఆగిపోయింది.

"పొద్దుగాల పదింటికే పగటన్నం తింటుండు అన్నా. షుగర్ గోలీ రెండుసార్లు ఏస్కున్నడు మొన్న. డ్యూటీల ఉంటే టైమెంతయిందని ఫోన్ల మీద ఫోన్లు. రెండు దుకాన్లకు తీస్కపోయిన. లోపటి మిషను తీసి పడేసి సెల్లు మిషను పెడ్తం, గంటకొక పాట మోగుతది అంటున్రు. మా బాపుకు గా పాట చాలదన్నా" అన్నది రూతమ్మ.

గడియారాల పని నాకు ఉద్యోగంతో వచ్చింది కాదు. మా మేనమామకు కరీంనగర్‌లో చిన్న రిపేరు దుకాణం ఉండేది. ఐటిఐలో చేరకముందు నాలుగేళ్ళు ఆయన బల్ల పక్కనే కూర్చున్నాను. అందుకే దుకాణాలవాళ్ళ మాట వినగానే నాకు కోపం వచ్చింది. వందేళ్ళు నడవగల యంత్రాన్ని పీకేసి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా పెడతామనడం నాకు నచ్చే మాట కాదు. ఆమె వెంట తెచ్చిన గడియారం పెట్టె విప్పి చూశాను. స్ప్రింగు విరిగింది. విరుగుతూ విరుగుతూ చక్రం పళ్ళు రెండింటిని వంచింది. ఇరుసులు తిరిగే రంధ్రాలు అరిగి గుడ్డు ఆకారానికి వచ్చాయి. సుత్తి మొనకు ఉన్న తోలు రాయిలా గట్టిపడింది. ఇవేవీ బాగుకానివి కావు. నేను చేసిస్తానమ్మా అన్నాను. కాగితం మీద అలవాటు కొద్దీ 'వచ్చినప్పటి స్థితి: ఆగిపోయింది' అని రాసుకున్నాను. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆగిపోయిన గడియారాన్ని ఏం పరీక్షిస్తాం అనుకున్నాను.

ఆ పనికి నెల పైన పట్టింది. సెలవు రోజుల్లో, సాయంత్రం డ్యూటీ దిగాక చేసేవాణ్ని. స్ప్రింగు ఎక్కడా దొరకలేదు. కరీంనగర్‌లో మా మామ దుకాణానికి ఎదురుగా ఉండే ఇంకో ముసలాయన దుకాణం మూసేస్తున్నాడని విని వెళ్ళాను. పనికిరాని గడియారాల గుట్టలోంచి అదే వెడల్పున్న స్ప్రింగు వెతికి ఇచ్చాడు. అరిగిన రంధ్రాలను పెద్దవి చేసి బుష్‌లనే చిన్న ఇత్తడి గొట్టాలు కొట్టాను. వంగిన పళ్ళను సాపు చేశాను. సుత్తికి మెత్తటి కొత్త తోలు అంటించాను. పెట్టె పైన కుడివైపు గుబ్బ ఎప్పుడో ఊడిపోయి ఉంటే, వడ్రంగితో టేకులో అలాంటిదే తిప్పించి అతికించి, పెట్టె మొత్తానికి పాలిష్ పెట్టాను. ఇది నన్ను ఎవరూ అడగలేదు. చేతిలో పని బాగా సాగుతుంటే మనిషికి మంచీచెడూ తెలియవు.

గడియారం నడకను సరిచేయడం అన్నిటికంటే చివరి పని. లోలకం ఊగినప్పుడల్లా 'టిక్' అని ఒక వైపు, 'టక్' అని ఇంకో వైపు శబ్దం వస్తుంది. రెంటికీ మధ్య ఎడం సమంగా ఉండాలి. ఎడం సమంగా లేకపోతే కుంటినడక అంటాం. లోలకాన్ని తోసే సన్నటి తీగను వెంట్రుకవాసి వంచి నడకను సమం చేస్తారు. మా ఇంట్లో గోడకు స్పిరిట్ లెవెల్ పెట్టి, అంటే తాపీ పనివాళ్ళు రసమట్టం అనే దాన్ని పెట్టి, గడియారాన్ని నిటారుగా వేలాడదీసి ఆ తీగను వంచాను. రెండు రోజులు విన్నాను. వేలెత్తి చూపడానికి వీల్లేకుండా వచ్చింది.

జూలై చివరి ఆదివారం, వాళ్ళు చర్చి నుంచి వచ్చాక తీసుకెళ్ళాను. మూడు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో నులక మంచం మీద దేవదానం కూర్చుని ఉన్నాడు, తెల్ల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. గోడ మీద గడియారం ఉండిన చోట దాని ఆకారంలోనే పాత నీలం రంగు మిగిలి ఉంది. ఏటా సున్నం వేసేవాళ్ళు గడియారాన్ని దింపకుండా చుట్టూ వేసుకుంటూ పోయారన్నమాట. ఆ నీలం ఆకారం నిటారుగా లేదు. కుడివైపుకు వాలి ఉంది. దాన్ని నేను చూశాను. చూసి, ఇన్నేళ్ళూ ఎంత నిర్లక్ష్యంగా తగిలించారో అనుకున్నాను. సంచిలోంచి స్పిరిట్ లెవెల్ తీసి, గడియారాన్ని నిటారుగా సరిచేసి, మళ్ళీ వాలకుండా కింద ఇంకో మేకు కొట్టాను. ముళ్ళు పన్నెండు మీదికి తెచ్చాను. పన్నెండు గంటలూ మెత్తగా, గుండ్రంగా మోగాయి. రూతమ్మ కళ్ళు తుడుచుకుంది.

దేవదానం మెడ కొంచెం పక్కకు వంచి చాలాసేపు విన్నాడు. తర్వాత, "దీన్ని నువ్వే బాగు జేసినవా రాజలింగం?" అని అడిగాడు.

"నేనే డ్రైవర్ సాబ్" అన్నాను.

"మంచిది" అన్నాడు. ఆ పూట వాళ్ళింట్లోనే భోంచేశాను. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. నేను దాన్ని సంతోషం అనుకున్నాను. ముసలివాళ్ళకు సంతోషం వచ్చినా ఆకలి ఉండదని సర్దిచెప్పుకున్నాను.

పది రోజులకు రూతమ్మ వర్క్‌షాపు గేటు దగ్గరికి వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. నాలుగు రోజుల నుంచి నిద్రపోనట్టుంది మొహం.

"బాపు అది మన గడియారం గాదంటుండు అన్నా. నేను అవ్వ గడియారం అమ్ముకొని బజార్ల కొత్తది కొని పెట్టిన అంటుండు. ఆదివారం కీ ఇయ్యిమంటే ముట్టలే. టైమెంతయిందని నన్ను అడుగుతలేడు, ప్రార్థనకు పిలుస్తలేడు. 'కండ్లు లేనోన్ని మోసం జేసుడు సులువుగనే ఉంటది బిడ్డా' అన్నడు" అని గేటు పట్టుకుని నిలబడింది.

పర్మిషన్ రాసిచ్చి వెంటనే ఆమెతో వెళ్ళాను. నాకప్పటికీ ధైర్యంగానే ఉంది. వస్తువు ఆయనదే కదా, చేత్తో తడిమితే తెలుస్తుంది అనుకున్నాను. గడియారాన్ని దింపి ఆయన ఒళ్ళో పెట్టాను. దేవదానం రెండు చేతులతో పెట్టె అంచులు తడిమాడు. కుడిచెయ్యి నెమ్మదిగా పైకి పోయి, గుబ్బ ఉండకూడని చోట ఆగింది. కొత్త గుబ్బను రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే ఉన్నాడు. పాలిష్ నున్నగా జారుతోంది. ఆయన చేతులు తీసేశాడు. పెట్టె మీద నేను నా పనితనమంతా చూపించి, ఆయన గుర్తుపట్టగలిగిన ఒక్క ఆనవాలునూ మిగల్చలేదు.

అప్పుడు నాకు గోడ మీది నీలం ఆకారం గుర్తొచ్చింది. కింద మేకు పీకి, గడియారాన్ని ఆ ఆకారం వెంబడే వాలుగా తగిలించాను. నేను తీగను నిటారుకు తగ్గట్టు వంచేశాను కాబట్టి, వాలేసరికి నడక విపరీతంగా కుంటింది. నాలుగు అడుగులు వేసి ఆగిపోయేలా ఉంది. వెనకటి కుంటు ఇంత ఉండి ఉండదు, సన్నగా ఉండి ఉంటుంది. దేవదానం విన్నాడు. ఆయన మొహంలో నాకు కనిపించింది కోపం కాదు, అసహ్యం.

"ఇప్పుడు దాని నడక నకలు జేస్తున్నరా?" అన్నాడు. "ఇరవై ఏండ్లు చెవుతోటి బతికిన రాజలింగం. ఒక్క గంట అటుఇటు ఇంటే పంజరంల మనుషులు సస్తరు. నా ఇంట్ల గడియారం నాకు తెల్వదా? నువ్వు మంచోనివే. మా బిడ్డ ముఖం జూసి అబద్ధమాడినవ్, అంతే."

రూతమ్మ వంటగదిలోకి వెళ్ళిపోయింది. నేను ఏదో చెప్పబోయాను. తీగ వంపు గురించి, తోలు గురించి చెప్పాను. అన్నీ వివరంగా చెబుతున్నకొద్దీ అబద్ధంలాగే వినిపించాయి, నాకే. పాత స్ప్రింగు, పాత తోలు మా ఇంట్లో ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. వర్క్‌షాపు పని అయితే ట్యాగుకు కట్టి పంపేవాణ్ని. సొంత పని కదా అని ఇవ్వలేదు. ఆ రోజు అవి ఆయన చేతిలో పెట్టి ఉంటే నమ్మేవాడేమో. గడియారాన్ని మళ్ళీ దింపుకుని, వెనకటి మాదిరే చేసి తెస్తానని చెప్పాను. "తీస్కపో" అన్నాడు.

నాలుగు రోజుల్లో తెద్దామనుకున్నాను. ఆ రాత్రి నుంచే ముసురు పట్టింది. రెండు బాయిల్లో నీళ్ళు పెరిగాయి. పంపుల గేజీలు ఒకటొకటే మొరాయిస్తుంటే సెక్షన్ మొత్తాన్ని అత్యవసర డ్యూటీ మీద వేశారు. తొమ్మిది రోజులు ఇంటికి నిద్రకు మాత్రమే వచ్చాను. గడియారం బల్ల మీద గుడ్డ కప్పుకుని ఉంది. పదో రోజు పొద్దున రూతమ్మ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. దేవదానం పోయాడు. గోలీలు సరిగా వేసుకోక షుగర్ బాగా పెరిగింది, దానితో జ్వరం. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే, ఆమె వార్డులోనే మూడు రోజులున్నాడు.

తర్వాత ఆమె ఇంకో సంగతి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని నాకు అనిపించింది కానీ, చెప్పే హక్కు ఆమెకు ఉంది. ఆ మూడు రోజుల్లో ఆయన ఒకసారి కూతుర్ని టైమెంత అని అడిగాడట. నాలుగున్నర బాపూ అని చెప్పిందట. ఆమె అటు తిరిగాక, పక్క మంచం దగ్గర కూర్చున్న మనిషిని పిలిచి, "నాలుగున్నరేనా అయ్యా?" అని అడిగి రూఢి చేసుకున్నాడట. చివరికి కూడా ఆయన కూతుర్ని నమ్మలేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది, శిక్ష ఆమెకు పడింది.

సమాధి కార్యక్రమం అయిన వారం తర్వాత గడియారాన్ని విప్పాను. తీగ మీద పాత వంపు గీతలా ఇంకా కనిపిస్తోంది. దాన్ని అక్కడికే తిరిగి వంచాను. డబ్బాలోంచి రాయిలాంటి పాత తోలు తీసి సుత్తికి అతికించాను. గుబ్బ ఊడదీశాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, నీలం ఆకారంలో సరిగ్గా కూర్చునేలా వాలుగా తగిలించాను. ఇప్పుడది సన్నగా కుంటుతూ నడిచింది. ఒక అడుగు వేసి, కొంచెం ఆగి, వెంటనే రెండోది వేస్తున్నట్టు. రూతమ్మ వంటగదిలో చాయ్ పెడుతోంది. అయిదు కొట్టింది. పళ్ళెం మీద చెంచాతో కొట్టినట్టు, గరుకుగా. ఆమె ఎవరో పిలిచినట్టు పరుగున గదిలోకి వచ్చి, ఖాళీ మంచం చూసి ఆగింది.

"బాపు లేచిండనుకున్నన్నా" అన్నది. తర్వాత గోడకానుకుని చాలాసేపు ఏడ్చింది. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లోనే ఉన్నా గడియారం చప్పుడును తనెప్పుడూ ప్రత్యేకంగా వినలేదని, ఇప్పుడు వినగానే ఇదేనని తెలిసిందని చెప్పింది. దాన్ని అలా వాలుగా తగిలించింది వాళ్ళమ్మేనట. గోడలో రాయి అడ్డం వచ్చి మేకు పక్కకు దిగితే, నడుస్తోంది కదా అని అలాగే వదిలేసిందట. పెళ్ళయిన కొత్తలో అది. ఆ తర్వాత దేవదానం ఆ వాలును ఎవరినీ సరిచేయనివ్వలేదు. ఈ ఒక్క ముక్క జూన్‌లో నేను అడిగి ఉంటే ఆమె అప్పుడే చెప్పేది.

2018లో పదవీ విరమణ చేశాను. అప్పటిదాకా మిగిలిన కాలంలో సెక్షన్‌లో రిజిస్టరు మార్పించాను. 'వచ్చినప్పటి స్థితి' గడి పక్కన ఇంకో గడి గీయించాను. 'దీన్ని రోజూ వాడేది ఎవరు, వారు ఏమన్నారు' అని. ఆగిపోయిన పరికరం అయినా సరే ఆ గడి ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టలేదు. బాగు చేయడమంటే వస్తువును కొత్తగా చేయడం కాదని, ఎవరికి ఎలా ఉండేదో అలా తిరిగి ఇవ్వడమని నాకు తెలిసింది. ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ళకోసారి రూతమ్మ ఇంటికి వెళ్ళి గడియారానికి నూనె వేసి వస్తాను. ఆదివారాలు కీ ఆమే ఇస్తోంది, పద్నాలుగు చుట్లు. అక్కడికి వెళ్ళేటప్పుడు స్పిరిట్ లెవెల్ ఇంట్లోనే పెట్టి వెళ్తాను.